ఆయన ఎవరి తరఫు మనిషి?

మొన్నొక రాత్రి మా మేనల్లుడు ఫ్రిస్కో నుంచి ఫోను చేశాడు. ఫ్రిస్కో టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊరు, మన తెలుగువాళ్ళు బాగా స్థిరపడిన చోటు. పదేళ్ళు అద్దె ఇళ్ళలో కాపురం చేసి, ఇక సొంత ఇల్లు కొనాలని భార్యాభర్తలు నిశ్చయించుకున్నారట.

"మావయ్యా, ఇక్కడ మన తెలుగాయనే ఒక ఏజెంటున్నాడు. తెనాలి వైపువాడు. అందరూ మంచివాడనే అంటున్నారు. మనకు ఖర్చు కూడా ఏమీ ఉండదట, కమీషను అమ్మేవాళ్ళే ఇచ్చుకుంటారట."

"బాగానే ఉంది కదురా, మరి సందేహమేమిటి?"

"ఇంకా ఒక్క ఇల్లయినా చూపించకముందే ఏదో ఒప్పందం మీద సంతకం పెట్టమంటున్నాడు. మనవాడై ఉండి కాగితాలెందుకు మావయ్యా? అదే కాస్త అనుమానంగా ఉంది."

ఇళ్ళ వ్యాపారంలో నాకు అనుభవం లేదు. పాత పుస్తకాలు తిరగేసే అలవాటు మాత్రం ఉంది. ఆ అలవాటుతోనే నాకు నవ్వొచ్చింది. వాడు నిశ్చింతగా నమ్మిన రెండు మాటలూ, అంటే 'మనవాడు' అన్నదీ 'ఖర్చు లేదు' అన్నదీ, ఒకటికి రెండుసార్లు ఆలోచించవలసినవి. వాడు అనుమానించిన కాగితమేమో వాడి మేలు కోసం పుట్టినది. అది పుట్టడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ కథ వాడికి ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇక్కడ వరసగా చెప్పే ప్రయత్నం చేస్తాను.

*

మధ్యవర్తి మనకు కొత్తవాడు కాడు. పెళ్ళి సంబంధం రాగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వేసే మొదటి ప్రశ్న "సంబంధం తెచ్చిందెవరు?" అని. రెండో ప్రశ్న "ఆయన మగపెళ్ళివారి తరఫు మనిషా, మన తరఫు మనిషా?" అని. ఆ రెండో ప్రశ్నలో ఎంతో లోకజ్ఞానం ఉంది. కాకపోతే దానికి సరైన జవాబు ఆ రెండింటిలో ఏదీ కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య పెళ్ళి తరఫు మనిషి. ముహూర్తం కుదిరితేనే ఆయనకు సంభావన. పిల్లవాడి ఉబ్బసం సంగతి ఆయన చెప్పలేదంటే దుర్మార్గుడని అర్థం కాదు, చెబితే సంబంధం తప్పిపోతుంది, అంతే. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమని లోకమే ఆయనకు అనుమతిచ్చింది కదా!

ఇళ్ళ ఏజెంటూ ఇదే కోవలోనివాడు. బేరం కుదిరితే కమీషను, కుదరకపోతే తిరిగిన తిరుగుడంతా దండగ. కనుక సహజస్థితిలో ఆయన అమ్మేవాడి మనిషీ కాడు, కొనేవాడి మనిషీ కాడు, బేరం మనిషి. ఆయన్ని ఎవరో ఒకరికి జవాబుదారీగా కట్టిపడేయడానికి జరిగిన ప్రయత్నాలే ఈ వృత్తి చరిత్ర. అమెరికాలో ఆ ప్రయత్నాలు చాలావరకు కాగితాల మీదా, కోర్టు తీర్పులలోనూ నమోదై ఉన్నాయి కనుక అక్కడి కథ స్పష్టంగా కనబడుతుంది.

*

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో ట్రాము మార్గాల వెంట అమెరికా నగరాలు ఊరవతలికి పాకుతున్న కాలంలో స్థలాల బేరానికి హద్దూ అదుపూ లేదు. అనుమతిపత్రం అక్కరలేదు, ఆఫీసు అక్కరలేదు. రోడ్డు వారన నిలబడి బేరాలు కుదిర్చేవారికి 'కర్బ్‌స్టోనర్లు' అని పేరు కూడా వచ్చింది, అంటే పేవ్‌మెంటు రాతి మీద నిలబడేవాళ్ళని.

ఆనాటి పద్ధతుల్లో ఒకదాని పేరు 'నెట్ లిస్టింగు'. ఇంటి యజమాని ఏజెంటుతో "నా చేతికి 3,000 డాలర్లు వస్తే చాలు, ఆ పైన ఎంతొస్తే అంత నీది" అంటాడు. వినడానికి ఇది ఎంతో సరళమైన ఏర్పాటు. కాని ఆ క్షణం నుంచి యజమానికి తన ఇంటి విలువ తెలియకుండా ఉండడమే ఏజెంటుకు లాభం. ఇల్లు 5,000కు పోతుందని తెలిసినా ఆయన నోరు విప్పడు. తన మనిషి అనుకున్నవాడే తన అజ్ఞానం మీద బతుకుతాడన్నమాట.

ఇలాంటివాటి వల్ల పోయిన పరువును నిలబెట్టుకోవడానికి 1908లో షికాగోలో వివిధ నగరాల ఏజెంట్ల సంఘాలు కలిసి ఒక జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. 1913లో ఆ సంఘం ఒక నీతి నియమావళిని ఆమోదించింది. 1916లో మినియాపోలిస్‌కు చెందిన చార్లెస్ చాడ్‌బోర్న్ ఆ సంఘ సభ్యులకు 'రియల్టర్' అన్న కొత్త పేరు పెట్టాడు. డాక్టరు, లాయరు అన్నట్టుగా ఆ పేరు చెవికి గౌరవంగా వినబడాలని కోరిక. ప్రభుత్వాలూ రంగంలోకి దిగాయి. కాలిఫోర్నియా 1917లో చేసిన లైసెన్సు చట్టాన్ని న్యాయస్థానం కొట్టివేస్తే, 1919లో మళ్ళీ చట్టం చేసి నిలబెట్టుకుంది. తరువాత తక్కిన రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి.

పేరు మారినంత త్వరగా బుద్ధి మారుతుందా? 1922లో సింక్లెయిర్ లూయిస్ 'బాబిట్' అనే నవల ప్రకటించాడు. కథానాయకుడు ఒక రియల్టర్. తనను అలాగే పిలవాలని పట్టుదల గలవాడు, నీతి గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. అందులో ఒక చిన్న ఘట్టం నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక కిరాణా వర్తకుడికి ముందుముందు తన కొట్టు పక్కనున్న స్థలం అవసరమవుతుందని బాబిట్ ముందే పసిగడతాడు. ఆ సంగతి ఒక ధనవంతుడి చెవిన వేసి స్థలం అతని చేత కొనిపిస్తాడు. ఆ తరువాత అదే స్థలాన్ని ఆ వర్తకుడికి అంటగట్టి దాదాపు రెట్టింపు ధర పిండిస్తాడు. చట్టం తప్పలేదు, దొంగతనం చేయలేదు. ఆ వర్తకుడు మాత్రం తన ఎదుట కూర్చున్న పెద్దమనిషి ఎవరి తరఫువాడో తెలుసుకోకుండా సంతకం పెట్టాడు. ఆ నవలాకారుడికే 1930లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి అమెరికా రచయిత ఆయనే.

*

ఇంతవరకు డబ్బు సంగతి. దానికంటే బరువైన అధ్యాయం ఇంకొకటుంది. ఏజెంటు ఎవరికి ఏ ఇల్లు చూపించాలి, ఎవరికి చూపించకూడదు?

1924లో సవరించిన రియల్టర్ల నీతి నియమావళిలో 34వ నిబంధనగా ఒక వాక్యం చేరింది. ఏ జాతివారు వస్తే ఒక పేటలోని ఆస్తుల విలువ దెబ్బతింటుందో, ఆ జాతివారిని అక్కడ ప్రవేశపెట్టడానికి రియల్టర్ సాధనం కాకూడదని దాని సారాంశం. అంటే వివక్ష చూపడం నీతి తప్పడం కాదు, చూపకపోవడమే నీతి తప్పడం! ఇల్లు కొనవచ్చిన నల్లజాతి మనిషికి ఏజెంటు మర్యాదగా చిరునవ్వు నవ్వి, ఉన్న ఇల్లు లేదని చెబితే ఆ రోజు ఆయన తన వృత్తిధర్మం నెరవేర్చినట్టు.

ఆ గోడ మనవాళ్ళకూ తగిలింది. వైష్ణోదాస్ బాగాయి అనే ఆయన 1915లో భార్య కళతో, ముగ్గురు కొడుకులతో పెషావరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. డబ్బున్నవాడు, చదువుకున్నవాడు. బర్క్‌లీలో ఒక ఇల్లు కొన్నాడు. సామాను వేసుకుని గృహప్రవేశానికి వెళ్ళేసరికి ఇరుగుపొరుగువారు ఇంటికి తాళాలు బిగించి ఉన్నారు. పిల్లలకు ఏమవుతుందోనని భయపడి ఆ కుటుంబం వెనుదిరిగింది. 1921లో ఆయనకు అమెరికా పౌరసత్వం వచ్చింది. 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు 'తెల్లవారు' కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో ఆ పౌరసత్వం పోయింది. దానితోపాటే ఆస్తిహక్కూ పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఏ బర్క్‌లీ ఆ ఇల్లాలిని గడప తొక్కనీయలేదో ఆ బర్క్‌లీలో ఇప్పుడొక వీధికి కళా బాగాయి పేరుంది. ఊరు మనసు మార్చుకోవడానికి నూరేళ్ళు పట్టింది.

జాతి నిషేధాలతో రాసుకున్న ఇళ్ళ దస్తావేజులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో షెల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1950లో 34వ నిబంధనలోంచి జాతి ప్రస్తావన తొలగిపోయింది, అలవాటు తొలగలేదు. పైగా కొందరు ఏజెంట్లు ఆ భయాన్నే పెట్టుబడి చేసుకున్నారు. "మీ వీధిలోకి నల్లవాళ్ళు వస్తున్నారు, ధర పడిపోకముందే అమ్ముకోండి" అని తెల్లవారిని బెదిరించి అగ్గువకు కొనేవారు. మరెక్కడా ఇల్లు దొరకని నల్లవారికి అదే ఇల్లు పిరానికి అమ్మేవారు. బేరం మనిషి ఎంత దూరం వెళ్ళగలడో దీన్నిబట్టి చూడవచ్చు. 1968 నాటి న్యాయమైన గృహవసతి చట్టం ఈ రెండింటినీ నిషేధించింది. 2020లో జాతీయ రియల్టర్ల సంఘం అధ్యక్షుడు తమ సంఘపు గతానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

ఈ కథ చెబుతుంటే మా మేనల్లుడు మధ్యలో అడ్డుపడ్డాడు. "కాని మావయ్యా, ఈయన అలాంటివాడు కాదు. ఫలానా కాలనీ అంతా మనవాళ్ళే, గుడి దగ్గర, తూర్పు ముఖం ఇళ్ళు, మీకు అక్కడే చూపిస్తానన్నాడు."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. జాతినిబట్టి, మతాన్నిబట్టి కొనేవాడిని ఒక పేట వైపు నడిపించడం కూడా ఆ 1968 చట్టం నిషేధించిందే. ప్రేమతో నడిపించినా, ద్వేషంతో నడిపించినా చట్టానికి ఒక్కటే. తూర్పు ముఖం కావాలని కొనేవాడు అడగవచ్చు, గుడి ఎంత దూరమో తానే చూసుకోవచ్చు. కాని "మీవాళ్ళుండే చోటు ఇదీ" అని ఏజెంటు నిర్ణయించిన మరుక్షణం, తక్కిన ఊరంతా ఆ కొనేవాడికి కనబడకుండా పోతుంది. కళా బాగాయికి బయటినుంచి వేసిన తాళాన్ని మనం ఇష్టపడి లోపలినుంచి వేసుకుంటున్నామేమో!

*

ఇక వాడి రెండో నమ్మకం, 'మనకు ఖర్చు లేదు' అన్నది.

ఒక ఊళ్ళోని బ్రోకర్లు తమ దగ్గర అమ్మకానికి వచ్చిన ఇళ్ళ జాబితాలను ఒకచోట పోగుచేసి పంచుకునే పద్ధతిని 'మల్టిపుల్ లిస్టింగు సర్వీసు' అంటారు. ఒకరి జాబితాలోని ఇంటికి ఇంకొకరు కొనేవాడిని తెస్తే కమీషను ఇద్దరూ పంచుకుంటారు. మంచి ఏర్పాటే. ఇందులో ఒక మెలిక ఉంది. డబ్బు అమ్మేవాడి వైపు నుంచి వస్తోంది కనుక, కొనేవాడిని కారులో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పిన ఏజెంటు కూడా న్యాయశాస్త్రం దృష్టిలో అమ్మేవాడికి ఉప-ఏజెంటు!

దీని పర్యవసానం ఆలోచించండి. దంపతులు వెనక సీటులో కూర్చుని "మూడు లక్షలకు అడుగుదాం, కాదంటే మూడు లక్షల ఇరవై వేల దాకా పోదాం" అని ముందు సీటులోని ఆత్మీయుడితో అంటారు. ఆ మాటను అమ్మేవాడి చెవిన వేయడం ఆయన విధి. వేయకపోతేనే ఆయన తప్పు చేసినట్టు. 1983లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యాపారం మీద ఒక పెద్ద నివేదిక వెలువరించింది. తమను తిప్పుతున్న ఏజెంటు తమ తరఫువాడేనని కొనేవారిలో అత్యధికులు భ్రమపడుతున్నారని అందులో తేలింది. దశాబ్దాల తరబడి లక్షలాది కుటుంబాలు తమ గుట్టును ఎదుటి పక్షం వకీలుకు విప్పి చెప్పుకున్నాయన్నమాట. ఆ తరువాతనే, తాము ఎవరి తరఫో ఏజెంట్లు ముందుగా చెప్పి తీరాలని రాష్ట్రాలు వరసగా చట్టాలు చేశాయి. 1990ల తొలి సంవత్సరాలలో ఉప-ఏజెంటు పద్ధతి తప్పనిసరి కాకుండా పోయింది. కొనేవాడికి సొంత ఏజెంటు అనే భావన అప్పుడు ఊపందుకుంది. చరిత్రలో ఇది నిన్న మొన్నటి సంగతే.

తరఫు మారింది కాని డబ్బు దారి మారలేదు. వాషింగ్టన్ నగరపు ఏజెంట్ల సంఘం కమీషను రేట్లను నిర్బంధంగా నిర్ణయించడం చెల్లదని 1950లోనే సుప్రీంకోర్టు చెప్పినా, నూటికి ఐదారు వంతుల కమీషను దేశమంతటా ఆచారంగా నిలిచిపోయింది. అమ్మేవాడి సొమ్ములోంచి ఇరువైపుల ఏజెంట్లూ పంచుకునేవారు. అమ్మేవాడు దాన్ని ధరలో కలుపుకునే చెబుతాడు కనుక, చివరకు అది కొనేవాడు బ్యాంకు అప్పు తెచ్చి కట్టిన ధరలోంచే వెళుతుంది. ఖర్చు లేకపోవడమంటే ఇదీ!

అమ్మేవాడికైనా ఆ ఏజెంటు పూర్తిగా సొంతమా? స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు షికాగో పరిసరాలలో జరిగిన దాదాపు లక్ష ఇళ్ళ అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్ళు అమ్ముకున్నప్పుడు, అలాంటివే అయిన ఖాతాదారుల ఇళ్ళకంటే సుమారు 9.5 రోజులు ఎక్కువ ఓపిక పట్టి, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టారని తేలింది. కారణానికి పెద్ద లెక్క అక్కరలేదు. 4 లక్షల డాలర్ల ఇంటికి ఇంకో పది రోజులు ఆగితే 15,000 ఎక్కువ వస్తాయనుకుందాం. 6 శాతం చొప్పున దాని మీద కమీషను 900. సగం ఎదుటి ఏజెంటుకు పోతే 450. ఆఫీసు వాటా పోగా ఈయన చేతికొచ్చేది రెండు మూడు వందలు. ఆ కాస్త కోసం పది రోజులు కష్టపడేకంటే "ఇంతకన్నా మంచి ధర రాదండీ" అనడం సుఖం. కొనేవాడి వైపు ఇంకా విచిత్రం. ధర ఎంత తగ్గించి పెడితే ఆయన కమీషను అంత తగ్గుతుంది.

2023 అక్టోబరు 31న మిస్సోరి రాష్ట్రం కాన్సస్ సిటీలో ఒక ఫెడరల్ జ్యూరీ, ఈ కమీషను పద్ధతి ఇళ్ళు అమ్ముకున్నవారికి నష్టం చేసిన కుట్ర అని నిర్ణయించి, జాతీయ రియల్టర్ల సంఘం మీదా కొన్ని పెద్ద కంపెనీల మీదా సుమారు 180 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. 2024 మార్చిలో సంఘం 41.8 కోట్ల డాలర్లు చెల్లించడానికి రాజీపడింది. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి రెండు మార్పులు వచ్చాయి. ఉమ్మడి జాబితాలలో కొనేవాడి ఏజెంటుకు ఇంత ఇస్తామని ప్రకటించకూడదు. కొనేవాడికి ఇల్లు చూపించకముందే, తన ప్రతిఫలం ఎంతో ఖాయంగా తెలిపే లిఖితపూర్వకమైన ఒప్పందం ఏజెంటు చేసుకోవాలి.

మా మేనల్లుడు అనుమానించిన కాగితం ఇదే. ఇల్లు చూడకముందే, మాట చనువు పెరగకముందే, "నేను నీ మనిషిని, నా వెల ఇంత" అని ఏజెంటు చేత రాయించుకునే కాగితం.

*

మన దగ్గర సంగతేమిటని మీరడగవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒకే బ్రోకరు అమ్మేవాడి దగ్గరా, కొనేవాడి దగ్గరా కమీషను తీసుకోవడం మనకు వింతగా కూడా తోచదు. ఏజెంటు తన యజమానికి చెప్పకుండా ఆ వ్యవహారంలో సొంత లాభం చూసుకుంటే, ఆ లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 216వ సెక్షను చెబుతూనే ఉంది. చెప్పిన చట్టం ఉంది, రాసుకున్న కాగితమే ఉండదు. 2016లో వచ్చిన రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టరు చేసుకోవాలంది, లెక్కలు రాయాలంది, లేనిపోని గొప్పలు చెప్పకూడదంది. కాని అది బిల్డర్లు అమ్మే ప్రాజెక్టుల వరకే. ఒకరి పాత ఇల్లు మరొకరు కొనుక్కునే చోట ఇప్పటికీ మాటే దస్తావేజు.

మనం ఏజెంటును ఎంచుకునే తీరులోనే ఈ లోపం ఉంది. మన కులమా, మన ఊరా, ఎవరు చెప్పారు, మనిషి ఎలాంటివాడు అని ఆరా తీస్తాం. స్వభావం మంచిదైతే చాలునంటాం. పైన చెప్పిన కథలో ఏజెంట్లందరూ చెడ్డవాళ్ళు కారు. కారులో తిప్పిన ఉప-ఏజెంటు చాలామటుకు మంచివాడే అయి ఉంటాడు. మంచివాణ్ణి కూడా పక్కదారి పట్టించే ఏర్పాటులో మనం అతన్ని నిలబెట్టాం, అంతే.

చివరకు మా మేనల్లుడితో సంతకం పెట్టమనే చెప్పాను. పెట్టేముందు నాలుగు సంగతులు చూసుకోమన్నాను. ప్రతిఫలం అంకెలలో రాసి ఉందా? గడువెంత, నచ్చకపోతే మధ్యలో మానుకునే వీలుందా? తానే అమ్మిపెడుతున్న ఇంటినే వీడికి చూపిస్తే అప్పుడు ఆయన ఎవరి తరఫు? రెండు పక్షాల తరఫునా ఒకరే ఉండడాన్ని అక్కడ కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోవు, చాలా రాష్ట్రాలు రాతపూర్వక సమ్మతి ఉంటే ఒప్పుకుంటాయి. కనుక ఆ సమ్మతి తెలియకుండా ఇచ్చేయకూడదు. నాలుగోది, ఆ ఒక్క కాలనీయే కాకుండా వాడి స్తోమతుకు తగినవి ఊరంతా చూపిస్తాడా?

"ఇంకొకటి నోటితో అడుగు" అన్నాను. "ఈ మధ్యకాలంలో ఎవరికైనా 'ఈ ఇల్లు మీరు కొనవద్దు' అని చెప్పారా, ఎందుకు చెప్పారు? అని."

"బాగుండదేమో మావయ్యా, మనవాడు కదా, నొచ్చుకుంటాడు."

"నొచ్చుకుంటే నీకు జవాబు దొరికినట్టే."

వారం తరువాత మళ్ళీ ఫోను చేశాడు. అడిగాడట. ఆయన నొచ్చుకోలేదట. పునాది బీటలు చూసి రెండు ఇళ్ళు వద్దన్నానని, అందులో ఒకరు తన మాట వినకుండా వేరే ఏజెంటు ద్వారా అదే ఇల్లు కొనుక్కున్నారని, తన కమీషను పోయిందని నవ్వుతూ చెప్పాడట. ఒప్పందంలో ఆరు నెలల గడువును రెండు నెలలకు తగ్గించి రాశాడట. ఇల్లు ఇంకా దొరకలేదు. వెతుకుతున్నారు.